హోమ్‌లో కొత్త ఉద్యోగి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో బాల న్యాయ చట్టం గురించి ఒక తల్లి అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, నేను ఇరవై ఆరేళ్లు బాలుర పరిశీలక గృహాల్లో (వాటినే హోమ్‌లు అంటాం), మొదట సూపర్‌వైజర్‌గా, చివరి తొమ్మిదేళ్లు సూపరింటెండెంట్‌గా పనిచేశానని రాశాను. ఆ ఒక్క వాక్యం చదివి, అదే ఉద్యోగంలో కొత్తగా చేరినవారు, చేరబోతున్నవారు, వారి ఇంటివారు ఉత్తరాలు పంపారు. ఈ సంచికను వారికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు, వారు పనిచేసే చోటు తెలియనివ్వడం లేదు. పిల్లల వివరాలు ఎలాగూ చట్టప్రకారం బయటపెట్టకూడదు కనుక వాటిని కూడా తీసివేశాను.

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. బీకాం చదివాను. బాలుర పరిశీలక గృహంలో సూపర్‌వైజర్‌గా ఎంపికయ్యాను, వచ్చే నెల చేరాలి. ఇంట్లో అందరూ “జైలు ఉద్యోగం” అంటున్నారు. నేను బక్కపలచటి మనిషిని, గొంతు పెంచి మాట్లాడే అలవాటు కూడా లేదు. పదిహేడేళ్ల పిల్లలు నా మాట వింటారా? మొదటి రోజు నుంచే గట్టిగా ఉండకపోతే నెత్తికెక్కుతారని తెలిసినవారు చెబుతున్నారు. నిజమేనా?
ఒక పాఠకుడు, హనుమకొండ జిల్లా

జవాబు: ముందు ఇంట్లోవారి మాట సంగతి చెబుతాను. వరంగల్ చుట్టుపక్కల జైలు అనగానే నిజాం కాలం నాటి కేంద్ర కారాగారం గోడలే గుర్తుకు వస్తాయి. ఆసుపత్రి కట్టడం కోసం 2021లో ఆ గోడలను కూల్చివేసినా, పోలీసులు పట్టుకుపోయిన ప్రతివాడూ అక్కడికే పోతాడన్న తలపు మాత్రం మనలో మిగిలిపోయింది. మీరు చేరబోయేది అటువంటి చోటు కాదు. 2016 జనవరి 15 నుంచి అమలులో ఉన్న బాల న్యాయ చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లు నిండనివారిపై నేరారోపణ వస్తే వారిని పోలీసు లాకప్‌లో గాని జైలులో గాని ఉంచకూడదు. ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల లోపల బాల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కలిసి కూర్చునే ఆ మండలి విచారణ సాగిస్తున్నంత కాలం, బెయిలు రాని పిల్లలను ఉంచే చోటే పరిశీలక గృహం. విచారణ ముగిసి, తప్పు చేసినట్లు తేలిన తర్వాత పంపే చోటు ప్రత్యేక గృహం, అది వేరు. కనుక మీ ముందు వరుసలో నిలబడే పిల్లవాడి మీద ఇంకా ఏదీ రుజువు కాలేదు. ఆ చట్టం మూడో సెక్షన్‌లో వరుసగా చెప్పిన సూత్రాల్లో మొట్టమొదటిది, పిల్లవాడు నిర్దోషి అని భావించి నడుచుకోవాలన్నదే. శిక్ష వేయడం మీ పని కాదు, ఆ మాట మండలి కూడా మీకు చెప్పలేదు. వాడిని క్షేమంగా ఉంచి, వేళకు తిండి, నిద్ర, చదువు, వైద్యం అందేలా చూసి, విచారణకు హాజరయ్యేలా పంపడం మీ పని. ఇంట్లోవారికి ఇదే చెప్పండి.

ఇక పిల్లలు మాట వింటారా అన్న ప్రశ్న. దీనికి జవాబుగా నా తప్పు ఒకటి చెప్పవలసి ఉంది.

నేను చేరిన రెండో నెలలో పద్నాలుగేళ్ల అబ్బాయి ఒకడు హోమ్‌కు వచ్చాడు. కిరాణా కొట్టులో దొంగతనం కేసు. తల్లి కూలికి పోతుంది, తండ్రి లేడు. ఊళ్లో ఒక్క ఇంట్లోనే ఫోన్ ఉంది, ఆ నంబరును బీడీ కట్ట కాగితం వెనుక రాసి, అంగీ జేబులో నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాడు. సాయంత్రం లెక్క తీసుకుంటుంటే ఆ కాగితం చూపించి, “సార్, రేపు మా అమ్మకు ఫోన్ చేపిస్తరా?” అని అడిగాడు. “చేపిస్త బిడ్డా” అన్నాను. మరునాడు నాకు వారపు సెలవు. సూపరింటెండెంట్‌తో చెప్పలేదు, డ్యూటీ మారేటప్పుడు తోటి ఉద్యోగితో చెప్పలేదు, పుస్తకంలో రాయలేదు. పూర్తిగా మరచిపోయాను. మూడో రోజు పొద్దున వచ్చేసరికి వాడు వరండా మెట్ల మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. రెండు పూటలు అన్నం ముట్టలేదని వంటమనిషి చెప్పింది. కాగితం చేతిలోనే ఉంది, చెమటకు అంకెలు సగం అలుక్కుపోయాయి. నా ముఖం చూసి, “చేపిస్తనంటిరి గద సార్” అన్నాడు. తిట్టలేదు, ఏడవలేదు, ఆ ఒక్క మాటే అన్నాడు.

ఆ తర్వాత దాదాపు నెల రోజులు ఆ డార్మిటరీలో నా మాట చెల్లలేదు. స్నానాలకు లేవండి అంటే, నా వెనుక నిలబడిన ఇంకో సూపర్‌వైజర్ ముఖం చూసి ఆయన తల ఊపితే లేచేవారు. అంకెలను ఎలాగో కూడబలుక్కుని ఫోన్ చేయించాను, డార్మిటరీలో అందరి ముందూ నాదే తప్పని ఒప్పుకున్నాను. అప్పటి నుంచి ఉద్యోగ విరమణ రోజు వరకు నా జేబులో చిన్న పుస్తకం ఉంది. ఎవరికి ఏం చెప్పానో అందులో రాసుకునేవాడిని, పని పూర్తయ్యాక కొట్టివేసేవాడిని. “చూద్దాంలే” అనే మాట మానేశాను. నా చేతిలో లేని పనైతే “ఇది నా చేతిలో లేదు, సూపరింటెండెంట్ సార్‌ను అడిగి రేపు సాయంత్రం చెబుతా” అనేవాడిని, రేపు సాయంత్రం జవాబు ‘కాదు’ అయినా సరే పోయి చెప్పేవాడిని. ‘కాదు’ అన్నందుకు కోపగించిన పిల్లలు ఉన్నారు గాని, అందువల్ల నా మాట వినడం మానేసినవారు లేరు. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది అప్పటికే పెద్దల మాట మీద ఆశపెట్టుకుని మోసపోయి వచ్చినవారు. మీ గొంతు ఎంత పెద్దదన్నది వారికి లెక్కలోకి రాదు. చెప్పింది జరుగుతుందా లేదా అన్నదే చూస్తారు. బక్కపలచటి మనిషినన్న దిగులు అక్కర్లేదు.

గట్టిగా ఉండాలన్న సలహాలో కొంత నిజం ఉంది, దానిని ఇలా అర్థం చేసుకోండి. నియమం ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకొకలా ఉండకూడదు, ఈ రోజు ఒకలా రేపు ఇంకొకలా అసలే ఉండకూడదు. మొదటి వారంలో మిమ్మల్ని తప్పక పరీక్షిస్తారు. “పాత సార్ అయితే పది దాకా టీవీ పెట్టనిచ్చేటోడు” అంటారు, “మీ ఫోన్ ఒక్క నిమిషం ఇయ్యిండ్రి” అంటారు. అది దురుసుతనమని అనుకోకండి. కొత్త మనిషి ఎక్కడ వంగుతాడో, ఎక్కడ విరుగుతాడో తెలిస్తే తప్ప వారికి రాత్రి నిశ్చింతగా నిద్ర పట్టదు. నవ్వుతూనే, నియమం ఇది అని చెప్పి, తొమ్మిదిన్నరకు ఆపాలంటే తొమ్మిదిన్నరకే ఆపండి.

కొట్టడం గురించి మీరు నేరుగా అడగలేదు గాని, ‘గట్టిగా’ అన్న మాట వెనుక అదే ఉందని నాకు తెలుసు. చట్టం 82వ సెక్షన్ ప్రకారం సంస్థలో పిల్లలను క్రమశిక్షణ పేరుతో కొట్టడం నేరం. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, ఆపైన జరిగిన ప్రతిసారీ మూడు నెలల దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని, దానితో పాటు ఉద్యోగం నుంచి తొలగింపు, ఇక పిల్లలతో నేరుగా పనిచేయకుండా నిషేధం. దెబ్బ క్రూరత్వం దాకా పోతే 75వ సెక్షన్ వర్తిస్తుంది, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థ ఉద్యోగికి అయిదేళ్ల దాకా కఠిన కారాగారం, అయిదు లక్షల దాకా జరిమానా ఉంటాయి. అయితే చట్టానికి భయపడి చెయ్యి దించుకోమని నేను చెప్పడం లేదు. ఒకసారి కొట్టిన మనిషికి ఆ తర్వాత పిల్లలు ఏ సంగతీ చెప్పరు. గోడ దూకాలని అనుకుంటున్నవాడి గురించి, బ్లేడు ముక్క దాచినవాడి గురించి, రాత్రిపూట చిన్నవాడిని ఏడిపిస్తున్న పెద్దవాడి గురించి మీకు ముందుగా చెప్పేది ఆ పిల్లలే. ఆ మాట మీ చెవిన పడకుండా పోయిందంటే, ఎన్ని తాళాలు వేసినా మీ డ్యూటీ గుడ్డి డ్యూటీయే.

కొట్లాటలు మాత్రం జరుగుతాయి. అన్నం వేళకు ముందు, మండలి నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం, బెయిలు వస్తుందనుకున్నవాడికి రాని రోజు, ములాఖత్‌కు ఎవరూ రాని ఆదివారం: ఈ నాలుగు సమయాల్లో వరండా నుంచి అడుగు బయటికి కదలకండి. ఇద్దరు కలబడితే ఒక్కరే మధ్యలోకి దూరకుండా, ముందు తోటి ఉద్యోగిని పిలిచి, చుట్టూ మూగిన మిగతావారిని అక్కడి నుంచి పంపించండి. చూసేవారు లేకపోతే సగం కోపం అక్కడే చల్లారుతుంది. ఎవడు ముందు మొదలుపెట్టాడన్న పంచాయితీ అందరి ముందు పెట్టకండి. చల్లబడిన తర్వాత వేర్వేరుగా కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లు ఇచ్చి, తర్వాత అడగండి.

ఏం కేసు మీద వచ్చావని మాత్రం ఎన్నడూ అడగకండి. అది తెలుసుకోవలసినవారు, అంటే మండలి, ప్రొబేషన్ ఆఫీసర్, న్యాయవాది వేరే ఉన్నారు. ఇద్దరి ముందు అడిగిన ప్రశ్నకు జవాబు రాత్రికి డార్మిటరీ అంతటికీ తెలుస్తుంది, దానినిబట్టి వాడి మంచం ఎక్కడన్నది, వాడి పళ్లెం ఎవరు కడుగుతారన్నది పిల్లల్లో పిల్లలే తేల్చేస్తారు. వాడంతట వాడు చెబితే వినండి, ఇంకొకరికి చెప్పకండి.

రాత్రి డ్యూటీ గురించి ఎవరూ మీకు సరిగ్గా చెప్పరు కనుక నేను చెబుతాను. కొత్తగా వచ్చిన పిల్లవాడి మొదటి మూడు రాత్రులు చాలా ప్రమాదకరమైనవి. వెక్కివెక్కి ఏడ్చేవాడి గురించి అందరూ పట్టించుకుంటారు. ఏమీ కానట్టు నవ్వుతూ తిరిగి, దీపాలు ఆర్పాక గోడవైపు తిరిగి పడుకునేవాడిని మీరు గమనించాలి. వైట్‌నర్, గంజాయి అలవాటైన పిల్లలకు అవి దొరకని రెండో రోజు నుంచి వణుకు, చెమట, చిరాకు, నిద్రలేమి మొదలవుతాయి. దానిని పొగరు అనుకుని గద్దించే ఉద్యోగులను చూశాను. అది జబ్బు, వైద్యుడికి చెప్పవలసిన సంగతి. గంటకొకసారి లెక్క తీసుకునేటప్పుడు గుమ్మంలో నిలబడి దుప్పట్లను లెక్కపెట్టకండి, లోపలికి నడిచి మనుషులను లెక్కపెట్టండి. ఛాతీ లేచి దిగడం కనపడాలి. దుప్పటి కింద రెండు దిండ్లు పెట్టి వెళ్లిపోయినవాడు నాకు తెలుసు, దుప్పటి కిందే మణికట్టు కోసుకున్నవాడూ తెలుసు. రెండోవాడిని సకాలంలో ఎంజీఎం ఆసుపత్రికి చేర్చగలిగాం, అది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఉద్యోగి లోపలికి నడిచి చూడడం వల్లనే.

మన ప్రాంతంలో ఇంకొకటి ఉంది. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే గోండు పిల్లలకు, మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలకు, కాజీపేట జంక్షన్‌లో దిగబడిన ఉత్తరాది పిల్లలకు మన తెలుగు పూర్తిగా అర్థం కాకపోవచ్చు. అర్థం కానివాడు భయంతో ప్రతిదానికీ “ఆ సార్” అంటాడు. అది ఒప్పుకోలు కాదు. అలాంటివాడు వస్తే వాడి భాష తెలిసిన మనిషి కావాలని మొదటి రోజే రాతపూర్వకంగా అడగండి. ఒక కోయ పిల్లవాడు నాలుగు రోజులు కడుపునొప్పితో బాధపడుతూ దానిని మాకు చెప్పలేకపోయిన సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

చివరగా ఒక చిన్న లెక్క. బెయిలు మంజూరైనా, షరతులు నెరవేర్చలేక, అంటే జమానతు ఇచ్చేవారు లేకనో, ఇంటివారికి కబురే అందకనో, హోమ్‌లోనే ఉండిపోయే పిల్లలు ఉంటారు. 12వ సెక్షన్ ప్రకారం, బెయిలు ఉత్తర్వు వచ్చిన ఏడు రోజుల్లో షరతులు నెరవేర్చలేకపోతే, ఆ షరతులు మార్చడానికి పిల్లవాడిని తిరిగి మండలి ముందు హాజరుపరచాలి. ఇది సూపర్‌వైజర్ పని కాదని మీకు చెబుతారు. కాదు, నిజమే. అయితే పొద్దున్నే లేచి వాడి ముఖం చూసేది మీరు కనుక, “బెయిలు అయి ఎనిమిది రోజులైంది సార్” అని సూపరింటెండెంట్‌కు గుర్తుచేయగలిగినవారు మీరే. మీ జేబు పుస్తకంలో ఆ తేదీ కూడా రాసుకోండి.

ప్రశ్న: మా హోమ్‌కు ఈ మధ్య వచ్చిన ఒకడు గడ్డం, మీసం, మాటతీరు అన్నీ చూస్తే ఇరవై ఏళ్లవాడిలా ఉన్నాడు. చిన్న పిల్లల మధ్య ఉంచడానికి భయంగా ఉంది. మేమేం చేయాలి?
ఒక ఉద్యోగి, కరీంనగర్ జిల్లా

జవాబు: వయసు తేల్చే అధికారం మీకు లేదు, నాకూ ఉండేది కాదు. 94వ సెక్షన్ ప్రకారం ముందు స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ పత్రం గాని పదో తరగతి సర్టిఫికెట్ గాని చూస్తారు, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధృవపత్రం చూస్తారు, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష, అది కూడా ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో పూర్తి కావాలి. మీ అనుమానాన్ని గడ్డం మీసాల గురించి కాకుండా, మీరు చూసిన సంగతులతో రాసి సూపరింటెండెంట్ ద్వారా మండలికి తెలియజేయండి. ఈలోగా చిన్నవారి మంచాలు అతనికి దూరంగా, మీ కుర్చీకి దగ్గరగా వేయించండి. గడ్డం చూసి పొరబడ్డ సందర్భాలు కూడా నాకు ఉన్నాయి. పదకొండేళ్లకే క్వారీలో రాళ్లు మోయడం మొదలుపెట్టిన పిల్లవాడి చేతులు చూసి పెద్దవాడనుకున్నాను, స్కూలు రిజిస్టరులో పదహారు అని తేలింది.

ప్రశ్న: నేను చేరి ఎనిమిది నెలలైంది. గత నెల నాకంటే సీనియర్ అయిన ఒకాయన నా కళ్లముందే ఒక పిల్లవాడిని బెల్టుతో కొట్టారు. వీపు మీద వాతలు తేలాయి. రాత్రి రిపోర్టు పుస్తకంలో “బాత్రూంలో జారిపడ్డాడు” అని నన్ను రాయమన్నారు. ఆయన మంచివారే, నాకు పని నేర్పింది ఆయనే. నేను ఇంకా రాయలేదు, ఆ పేజీ ఖాళీగా ఉంది. నేను పొరపాటు చేస్తున్నానా?
పేరు వద్దన్న ఉద్యోగి

జవాబు: పేజీని ఖాళీగా ఉంచి మంచి పని చేశారు, ఇప్పుడు దానిని నింపండి. మీరు చూసింది చూసినట్లు, వేళ, చోటు, ఎవరెవరు ఉన్నారో రాసి, సంతకం చేసి, రాస్తున్న నేటి తేదీని కూడా వేయండి. ఆలస్యంగా రాసినట్లు కనిపించడం తప్పు కాదు, పాత తేదీ వేయడం తప్పు. దానికి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

రెండోది, ఆ పిల్లవాడికి వైద్య పరీక్ష జరిగిందా? నెల గడిచింది కనుక వాతలు మానిపోయి ఉండవచ్చు, అయినా జరగాలి, వాడి మాట నమోదు కావాలి. సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. అక్కడ కదలిక లేకపోతే మండలి ఉంది. మండలి సభ్యులు చట్టప్రకారం నెలకు కనీసం ఒకసారి హోమ్‌ను తనిఖీ చేయాలి, వారు వచ్చిన రోజు మీరు డ్యూటీలో ఉండేలా చూసుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ, జిల్లా బాలల సంరక్షణ విభాగం, 1098 బాలల సహాయవాణి కూడా ఉన్నాయి. ఇంకో మాట మీ సూపరింటెండెంట్ తెలుసుకోవాలి: పిల్లలను కొట్టినట్లు ఫిర్యాదు వచ్చినప్పుడు సంస్థ యాజమాన్యం విచారణకు సహకరించకపోతే, సంస్థ బాధ్యుడికి 82వ సెక్షన్ కిందే మూడేళ్లకు తగ్గని జైలు శిక్ష ఉంది. ఒక దెబ్బకు వేసే శిక్ష కంటే దానిని దాచినందుకు వేసే శిక్షను చట్టం అంత పెద్దది చేసిందంటే, ఇటువంటి చోట్ల అసలు జబ్బు ఎక్కడుందో చట్టం రాసినవారికి తెలుసునన్నమాట.

ఆయన మంచివారే అన్నారు. నేను నమ్ముతున్నాను. నా పైన పనిచేసినవారిలోనూ ఇటువంటివారు ఉన్నారు. పండుగనాడు తమ ఇంటి నుంచి పిల్లలకు సకినాలు తెచ్చేవారు, అదే చేత్తో కొట్టేవారు. యాభై మందికి ఒక్కరు కాపలా ఉండి, పదహారు గంటలు ఏకబిగిన డ్యూటీ చేసి, సెలవు దొరకక విసిగినవారు. 2018లో సంపూర్ణ బెహురా కేసు తీర్పులో సుప్రీంకోర్టు, బాల న్యాయ వ్యవస్థలోని ఖాళీలను భర్తీ చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది ఇందుకే. ఆ విసుగును కూడా మీ నివేదికలో రాయండి. ఆ రాత్రి ఎంతమంది పిల్లలకు ఎందరు ఉద్యోగులు ఉన్నారో, ఆయన ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నారో రాయండి. అది ఆయనను కాపాడడానికి కాదు, ఆ పరిస్థితి మళ్లీ రాకుండా ఉండడానికి. అయితే బెల్టును మాత్రం బెల్టు అనే రాయండి.

మిమ్మల్ని కొన్నాళ్లు ఎవరూ చాయ్‌కి పిలవకపోవచ్చు. అది నిజంగా కష్టమే, తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది ఇటువంటి ఒక పేజీలో “జారిపడ్డాడు” అని రాశాను. మీకు ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం అదే.

ప్రశ్న: బాలికల గృహంలో హౌస్ మదర్‌గా ఒప్పంద పద్ధతిలో చేరాను. పిల్లలు నన్ను ‘అమ్మా’ అంటారు. బయటికి వెళ్లాక ఫోన్ చేసుకుంటామని నా నంబరు అడుగుతున్నారు. ఒక పాపకు చెవి కమ్మలు కొనిపెట్టాలని ఉంది. తప్పా?
ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: మీ మనసు తప్పు కాదమ్మా, కానీ కమ్మలు కొనవద్దు. మిగతా ముప్పై మంది చెవులు కూడా ఆ సాయంత్రం అద్దంలో చూసుకుంటాయి. పాపకు నిజంగా అవసరమైనది ఏదైనా ఉంటే సూపరింటెండెంట్ ద్వారా అందరికీ వర్తించేలా అడగండి. మీ సొంత నంబరు ఇవ్వకండి, దానికి బదులు హోమ్ నంబరు, 1098 రెండూ ప్రతి పాపకూ నోటికి వచ్చేలా చేయండి. కాగితం మీద రాసి ఇస్తే పోతుంది. అమ్మా అని పిలవనివ్వండి.

ప్రశ్న: పిల్లలు తరచూ అడిగే ప్రశ్న: “సార్, ఈ కేసు వల్ల రేపు నాకు నౌకరీ రాదా?” ఏం చెప్పాలో తెలియక ఊరుకుంటున్నాను.
ఒక కొత్త ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: ఊరుకోకండి, ఈ ప్రశ్న అడిగినవాడు రేపటి గురించి ఆలోచిస్తున్నాడు, అది హోమ్‌లో అరుదైన క్షణం. 24వ సెక్షన్ ప్రకారం, ఈ చట్టం కింద విచారణ ఎదుర్కొన్న పిల్లవాడికి, తప్పు చేసినట్లు తేలినా సరే, దానివల్ల ఏ అనర్హతా అంటదు, అప్పీలు గడువు ముగిసిన తర్వాత రికార్డులను కూడా నాశనం చేయాలి. పదహారేళ్లు నిండి, అతి తీవ్రమైన నేరంలో బాలల కోర్టు దోషిగా తేల్చినవారికి మాత్రం ఇది వర్తించదు. వాడి కేసు ఏ కోవలోకి వస్తుందో మీరు తేల్చకుండా న్యాయవాదిని అడగమనండి, న్యాయవాది లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా ఇప్పించే ఏర్పాటు ఉంది. ఆ తర్వాత, ఏం నౌకరీ చేయాలని ఉందో అడగండి. సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి కట్టించడం, ఐటీఐ దరఖాస్తు వంటివి ఆ జవాబులో నుంచే మొదలవుతాయి.

ప్రశ్న: మా తమ్ముడు ఏడాది క్రితం ఈ ఉద్యోగంలో చేరాడు. మొదట్లో ఇంటికి వచ్చి పిల్లల ముచ్చట్లు చెప్పేవాడు. ఇప్పుడు వచ్చి అన్నం తిని మాట్లాడకుండా పడుకుంటాడు, రాత్రి లేచి కూర్చుంటాడు. విడుదలైన ఒక పిల్లవాడు మూడు నెలలకే మళ్లీ వచ్చాడట, “నేను చేసిందంతా వృథా అక్కా” అన్నాడు. దసరాకు కూడా డ్యూటీ వేశారు. ఉద్యోగం మానేయమని చెప్పాలా?
ఒక అక్క, వరంగల్

జవాబు: మానమని గాని, మానవద్దని గాని మీరు చెప్పకండి, ఆ నిర్ణయం అతనిది. రాత్రి లేచి కూర్చోవడం రెండు మూడు వారాలకు మించి ఉంటే మాత్రం మానసిక వైద్యుడికి చూపించండి. రోజూ పన్నెండు గంటలు ఇతరుల భయాన్ని, కోపాన్ని దగ్గరగా చూసే మనిషికి అది ఒంట్లోకి దిగుతుంది, దానికి సిగ్గుపడవలసింది లేదు. పిల్లల వివరాలు ఇంట్లో చెప్పకూడదు కనుక అతని మౌనంలో కొంత భాగం ఉద్యోగధర్మమే. ఎవరి పేరూ లేకుండా, “ఈ రోజు బరువుగా గడిచింది” అని చెప్పుకునే వీలు మాత్రం ఇవ్వండి. మీరు సలహా చెప్పనక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు.

తిరిగి వచ్చిన పిల్లవాడి విషయం. హోమ్‌లో మూడు నెలలు నేర్పిన అలవాటును, అదే బస్తీ, అదే స్నేహం, అదే ఖాళీ వంటగది ఒక్క వారంలో తుడిచివేయగలవు. బయట వాడిని చేయిపట్టి నడిపించే ఏర్పాటు బలహీనంగా ఉంటే ఆ భారం మీ తమ్ముడిది కాదు. నా దగ్గరికి నాలుగుసార్లు వచ్చిన పిల్లవాడు ఉన్నాడు. నాలుగోసారి గేటు దగ్గర దిగుతూ, “సార్ ఉన్నడా?” అని అడిగాడట. పోలీసు ఆ మాట నాకు చెప్పినప్పుడు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మీ తమ్ముడు ఆ పిల్లవాడిని “మళ్లీ వచ్చినవా” అని పలకరించి ఉంటే ఇకముందు అలా అనవద్దని చెప్పండి. “తిన్నవా?” అని అడిగితే చాలు, మిగతాది రెండు రోజుల తర్వాత వాడే చెబుతాడు.

దసరా నాటి డ్యూటీ కష్టమైనదే. ఊరంతా ఊరికి పోయే రోజు, పిల్లలు పొద్దటి నుంచి గేటు వైపే చూస్తారు, సాయంత్రానికి చిన్నదానికే కొట్లాటకు దిగుతారు. నేను ఏటా ఆ రోజు బడికి పోయే పిల్లవాడిలా సంచి పట్టుకుని హోమ్‌కు పోయేవాడిని, సంచి నిండా జమ్మి ఆకు ఉండేది. చీకటి పడే వేళకు అందరినీ వరండాలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేతిలో పెట్టేవాడిని. వాళ్లు దానిని నాకే తిరిగి ఇచ్చి, “బంగారం సార్” అని కాళ్లకు మొక్కబోతే లేపి అలాయ్ బలాయ్ ఇచ్చేవాడిని. ఆ రాత్రి లెక్క తీసుకునేటప్పుడు, సగం మంది దిండు కింద ఆ ఆకులు కనిపించేవి. ఈ దసరాకు మీ తమ్ముడు బయల్దేరేటప్పుడు సద్ది డబ్బాతో పాటు మీ ఇంటి జమ్మి కూడా ఇచ్చి పంపండి. హోమ్‌లో ఎంతమంది ఉన్నారో ముందు రోజు అడిగి, అంతకంటే పది ఎక్కువే కట్టండి, పండుగ నాడు కొత్తగా వచ్చేవారు ఉంటారు.